మీడియం ఫార్మాట్‌లో ఏ నెగటివ్ సైజు తీసుకోవాలి? ముందు మగ్గం గదిలో వెలుతురు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మూడేళ్ళుగా నికాన్ ఎఫ్‌ఎం2తో 35 ఎంఎం ఫిల్మ్ తీస్తున్నారు. మంగళగిరిలో గుంట మగ్గాల మీద నేసే పెద్దవాళ్ళ ఫోటోలు తీసి, గోడకు తగిలించే 12×15 అంగుళాల ప్రింట్లు వేయించాలని ఉంది. 35 ఎంఎం నుంచి అంత పెద్దవి వేయిస్తే గ్రెయిన్ (ఫిల్మ్ మీది రేణువులు) లేచిపోతోంది. ఎవరో 6×7 నెగటివ్ ఇచ్చే మమియా ఆర్‌బీ67 కెమెరా అమ్ముతామంటున్నారు. మీడియం ఫార్మాట్ (35 ఎంఎం కంటే పెద్ద నెగటివ్) సైజులు 645, 6×6, 6×7, 6×9 లలో ఏది మేలు, నెగటివ్ ఎంత పెద్దదైతే అంత మంచిదేగా అన్నారు.

కాదండీ. మీరు తీయబోయే చోటు మగ్గం గది కాబట్టి అసలే కాదు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఈ సైజులన్నీ ఒకే రీలు మీద వచ్చేవే. 120 ఫిల్మ్‌ను కొడాక్ 1901లో ఒక బ్రౌనీ బాక్స్ కెమెరా కోసం తెచ్చింది. ఇవాళ మీరు కొనేదీ అదే వెడల్పు, వెనక అదే అంకెల కాగితం. ఆ పట్టీని ఎంత పొడవు ముక్కలుగా వాడుకుంటామన్నదే కెమెరాను బట్టి మారుతుంది. పేరుకు ఆరు సెంటీమీటర్లు గానీ, బొమ్మ పడే చోటు 56 మిల్లీమీటర్లే. 645లో 56×41.5, రీలుకు 15 లేదా 16 ఫోటోలు. 6×6లో 56×56, రీలుకు 12. 6×7లో దాదాపు 56×70, రీలుకు 10. 6×9లో 56×84, రీలుకు 8. మీ ఎఫ్‌ఎం2 నెగటివ్ 24×36.

చాలామంది ఇక్కడే వైశాల్యాల లెక్క వేసి, 645 అయితే రెండున్నర రెట్ల పైన, 6×7 అయితే నాలుగున్నర రెట్లు అని చూసి పెద్దదానికి ఓటేస్తారు. ఆ లెక్క తప్పు కాదు. కానీ మీకు కావలసింది వైశాల్యం కాదు, 12×15 ప్రింట్ కోసం నెగటివ్‌ను ఎన్ని రెట్లు సాగదీయాలన్నది. 35 ఎంఎం నుంచి అయితే 12.7 రెట్లు. 645 నుంచి 7.3. 6×6 నుంచి 6.8, ఎందుకంటే చదరాన్ని 12×15కి కోస్తే పక్కలు పోయి మిగిలేది 645 కంటే కాస్త పెద్ద ముక్కే. 6×7 నుంచి 5.4. ఇక 6×9 నుంచి కూడా 5.4 మాత్రమే! పొడవాటి నెగటివ్‌ను 12×15కి కోస్తే సరిగ్గా 6×7 మిగులుతుంది. రీలుకు రెండు ఫోటోలు తగ్గించుకుని చెత్తబుట్టలో వేయడానికి కాస్త ఫిల్మ్ కొన్నట్టు.

ఈ అంకెల్లో అసలు గంతు ఎక్కడుందో చూడండి. 12.7 నుంచి 7.3కి. ఆ తర్వాతవన్నీ చిన్న మెట్లు. మీ 35 ఎంఎం నుంచి 8×10 వేయిస్తే 8.5 రెట్లు సాగుతుంది, ఆ ప్రింట్లు బాగానే ఉన్నాయని మీరే రాశారు. అదే ఫిల్మ్‌తో 645 నుంచి వచ్చే 12×15లో గ్రెయిన్ దానికంటే తక్కువే కనిపిస్తుంది. అంటే మీ ఇబ్బంది 645తోనే తీరిపోతోంది. 6×7 ఇంకా నున్నగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ నున్నదనానికి ఎంత ఇచ్చుకోవాలన్నదే ఇప్పుడు చూడాల్సింది.

వెలుతురు ఇచ్చుకోవాలి. పెద్ద నెగటివ్‌కు పొడవాటి లెన్స్ కావాలి. 35 ఎంఎంలో 50 ఇచ్చే చూపు 645లో 80, 6×7లో 100కు దగ్గర. లెన్స్ పొడవు పెరిగేకొద్దీ అదే ఎపర్చర్ (వెలుతురు వచ్చే కంత; ఎఫ్ అంకె పెరిగితే చిన్నదవుతుంది) దగ్గర డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ముందూ వెనకా స్పష్టంగా వచ్చే లోతు, తగ్గిపోతుంది. మీకు అలవాటైన లోతు మళ్ళీ రావాలంటే ఎపర్చర్ మూయాలి, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది: 645లో సుమారు ఒకటిన్నర స్టాప్‌ లోపు, 6×6లో అంతకు కొంచెం ఎక్కువ, 6×7లో రెండు స్టాపులు.

మీ మగ్గం గదికే వద్దాం. 400 ఫిల్మ్, ఎపర్చర్ ఎఫ్ 2, షట్టర్ సెకనులో 1/125 వంతు అని మీరు రాశారు. పక్క కిటికీ, పైన పెంకుల సందులోంచి కాస్త వెలుగు, అంతే కదా. ఆర్‌బీ67కు వచ్చే 90 ఎంఎం లెన్స్ పూర్తిగా తెరిస్తే ఎఫ్ 3.8. అక్కడ డెప్త్ మీ ఎఫ్ 2కు దాదాపు సమానం, షట్టర్ మాత్రం 1/30కి పడిపోతుంది. అదీ కన్ను ఒక్కటి ఫోకస్‌లో ఉంటే చాలనుకున్నప్పుడు. ముఖంతోపాటు నాడె (పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్ళేది) పట్టిన చెయ్యి కూడా నిక్కచ్చిగా రావాలంటే ఎఫ్ 8 కావాలి, షట్టర్ 1/8. ఆ చెయ్యి ఆగదు కదా! ట్రైపాడ్ వేస్తే మీ వణుకు ఆగుతుంది గానీ నేతగాడి చెయ్యి ఆగదు. పోనీ ఆ ఫిల్మ్‌ను 1600 అనుకుని తీసి, ఎక్కువసేపు కడిగి పుష్ చేద్దామంటే గ్రెయిన్ పెరుగుతుంది, నీడల్లో వివరం పోతుంది, పెద్ద నెగటివ్‌తో సంపాదించినదంతా అక్కడే ఖర్చు. నున్నటి 6×7 ప్రింట్లు చూసి మనం మురిసిపోయేవి ఎక్కువ భాగం స్టూడియో ఫ్లాష్‌తోనో, ఆరుబయట ట్రైపాడ్ మీదో తీసినవి. మసక గదిలో చేత్తో పట్టుకుని తీసినవి కావు.

ఆర్‌బీ67 మీద నాకు కోపమేం లేదు. పదకొండేళ్ళు నా దగ్గరుంది. లెన్స్‌తో కలిపి 2.7 కిలోల దాకా తూగుతుంది, మెడకు తగిలించుకుంటే సాయంత్రానికి మెడే చెప్తుంది. 1970లో వచ్చిన తొలి మోడల్ నాది. బాడీకి ఒక లీవర్, ఫిల్మ్ జరపడానికి వెనక ఇంకో లీవర్. రెండోది మరిచిపోతే ఆపేవాడు లేడు. కొండపల్లి ఖిల్లా మీదికి దాన్ని మోసుకెళ్ళి, ఆయాసంతో మొదటి నాలుగు ఫోటోలూ ఒకే ఫ్రేమ్ మీద తీశాను. కడిగాక చూస్తే కోట గోడల మీద కోట గోడలు. తర్వాత వచ్చిన ప్రో ఎస్‌లో ఆ తప్పు జరక్కుండా అడ్డం పెట్టారు, కాబట్టి మీకు అమ్మేది ఏ మోడలో ముందు అడగండి. దాని గొప్పదనం వేరే ఉంది. ఆర్‌బీ అంటేనే రివాల్వింగ్ బ్యాక్. కెమెరాను కదపకుండా వెనక భాగం తిప్పితే అడ్డం ఫోటో నిలువు అవుతుంది. బెలోస్‌తో (సాగే మడతల గొట్టం) ఫోకస్ కాబట్టి చాలా దగ్గరికి పోవచ్చు. పడుగు పోగుల క్లోజప్పులు తీయాలంటే దానికి సాటి లేదు. స్టూడియోలో స్టాండ్ మీద కూర్చోబెడితే రాజు.

ఇప్పుడు ఆకారం సంగతి. వైశాల్యం కంటే దీన్నే ఎక్కువ పట్టించుకోండి, ఎందుకంటే గ్రెయిన్ ప్రింట్‌లోనే కనిపిస్తుంది, ఆకారం మాత్రం వ్యూఫైండర్‌లో ప్రతి క్షణం మీ చూపును నడుపుతుంది.

నేను ఫోటో నేర్చుకున్నది 1980లలో, మా మేనమామ స్టూడియోలో, యాషికా మ్యాట్ మీద. రెండు కళ్ళ కెమెరా అనేవాళ్ళం. పైన చూసే లెన్స్, కింద తీసే లెన్స్. చదరం నెగటివ్ అప్పట్లో అందం కోసం కాదు, సౌకర్యం కోసం. కెమెరాను పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగిచూసే పద్ధతిలో దాన్ని పక్కకు తిప్పడం నరకం కాబట్టి, చదరంగా తీసి తర్వాత నిలువుగానో అడ్డంగానో కోసుకునేవాళ్ళు. పెళ్ళి గ్రూపు అడ్డంగా, పెళ్ళికూతురు నిలువుగా, రెండూ ఒకే రీలులోంచి. నెగటివ్ పెద్దది కాబట్టి మామయ్య దాని మీదే సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలు, ముడతలు సరిచేసేవాడు. 35 ఎంఎం వచ్చాక ఆ పని మానేశాడు, కంటికి ఆనేది కాదు.

చదరాన్ని చదరంగానే చూడటం నాకు చాలా ఆలస్యంగా అబ్బింది. కొందరికి మొదటి రీలుకే అబ్బుతుంది, కొందరికి ఎప్పటికీ అబ్బదు. మీరు ఏ రకమో డబ్బు పెట్టకుండానే తెలుసుకోవచ్చు. ఈ మూడేళ్ళలో మీకు బాగా నచ్చిన ఓ ముప్పై ప్రింట్లు తీయండి. నల్ల అట్ట మీద మూడు కిటికీలు కోయండి: ఒకటి చదరం, ఒకటి 4:5, ఒకటి 4:3. మూడోది 645 ఆకారానికి దగ్గర. ఒక్కో ఫోటో మీద మూడూ పెట్టి జరిపి చూడండి. ఏ కిటికీలో ఫోటో బిగుసుకుందో గుర్తు పెట్టండి. ముప్పై అయ్యేసరికి మీ కన్ను ఎటు మొగ్గుతుందో తేలిపోతుంది. మూడింటిలోనూ పక్కలు పోవడం బాధగా అనిపించి, అసలు పొడవే నచ్చితే మీరు 6×9 మనిషి. అప్పుడు 12×15 మానేసి 12×18 వేయించుకోండి, ఒక్క మిల్లీమీటరు కూడా పోదు.

ఇంకో మాట. ఇంట్లో తాతగారి ఆగ్ఫా క్లిక్ త్రీ ఉందని చివర్లో రాశారు, అది పనిచేస్తుందా అని. మన దేశంలో ఎన్నో ఇళ్ళలో మొదటి కెమెరా అదే. అది తినేది ఇదే 120 రీలు, ఇచ్చేది చదరం ఫోటోలు 12. షట్టర్ టక్కుమంటే చాలు, ఒక రీలు వేసి ఎండపూట ఊరంతా తిరగండి. లెన్స్ నాణ్యత చూసి నవ్వుకోవద్దు, చదరంలో మీరెలా చూస్తారో నేర్పడానికి దాన్ని మించిన చవక గురువు దొరకదు. వెనక ఎర్ర కిటికీలోంచి అంకె చూసి తిప్పేటప్పుడు మాత్రం నీడలో తిప్పండి.

మగ్గం గదికి నా ఓటు రెండింటి మధ్య.

మొదటిది రెండు కళ్ళ కెమెరా: యాషికా మ్యాట్ 124జీ, రోలికార్డ్, బడ్జెట్ ఉంటే రోలీఫ్లెక్స్. కిలో చిల్లర బరువు. ఎగిరిపడే అద్దం లేదు, షట్టర్ లెన్స్‌లోనే సన్నగా చప్పుడు చేస్తుంది. ఊపిరి బిగబట్టి 1/15 దాకా నేను చేత్తో తీసిన ఫోటోలున్నాయి. అన్నీ బాగా రాలేదు, మూడింట ఒకటి. ఎఫ్ 3.5 లెన్స్ కాబట్టి మీ గదిలో పూర్తిగా తెరిస్తే 1/30 పైనే వస్తుంది. అన్నిటికంటే, గుంట మగ్గం మీద నేసే మనిషి కాళ్ళు గుంటలో పెట్టి నేల మట్టానికి కూర్చుంటాడు. కంటికి ఆనించే కెమెరాతో నిలబడి తీస్తే నడినెత్తి వస్తుంది, సరిగ్గా తీయాలంటే నేల మీద పడుకోవాలి. దీన్నయితే మీరు ఒక మోకాలి మీద కూర్చుని కెమెరాను మోకాలి దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఆయన కళ్ళ ఎత్తుకు వస్తుంది. పైగా మీరు తల వంచుకుని ఉంటారు కాబట్టి ఎదురుగా గురిపెట్టినట్టు ఉండదు. పెద్దవాళ్ళు త్వరగా మరిచిపోయి పనిలో పడతారు. ఇబ్బందులు: బొమ్మ కుడి ఎడమలు తిరగబడి కనిపిస్తుంది, మీటరు దూరం కంటే దగ్గరికి పోలేరు, లెన్స్ మార్చలేరు. 124జీలో వెలుతురు కొలిచే మీటర్‌కు కావలసిన పాదరసం సెల్ ఇప్పుడు తయారవట్లేదు, దాన్ని పట్టించుకోకుండా చేతి మీటర్ వాడండి.

రెండోది 645లో మమియా 645 1000ఎస్. దానికి 80 ఎంఎం ఎఫ్ 1.9 లెన్స్ దొరుకుతుంది, ఆర్‌బీ లెన్స్ కంటే సరిగ్గా రెండు స్టాపులు ఎక్కువ వెలుతురు. మీ గదిలో ఎఫ్ 2.8, 1/60 వస్తుంది. డెప్త్ మీకిప్పుడు అలవాటైన దానికి దగ్గరగానే ఉంటుంది. 12×15కి నెగటివ్ ఆకారం దాదాపు సరిపోతుంది, ఓ నాలుగు మిల్లీమీటర్లు పోతాయంతే. కానీ ఒక మెలిక ఉంది, అమ్మేవాళ్ళు చెప్పరు. ఈ కెమెరాలో ఫ్రేమ్ అడ్డంగా ఉంటుంది. పైనుంచి చూసే ఫైండర్‌తో కొంటే నిలువు ఫోటో తీయడానికి కెమెరాను పక్కకు వాల్చి, మీరు పక్కనుంచి తొంగిచూడాలి, అదీ బొమ్మ తలకిందులుగా. ఆచరణలో అసాధ్యం. కంటికి ఆనించి చూసే ప్రిజం ఫైండర్‌తోనే కొనండి. ప్రిజం పెడితే బరువు పెరుగుతుంది, నేల మట్టం సుఖం పోతుంది. షట్టర్‌కు బ్యాటరీ కావాలి, సంచిలో ఒకటి ఎక్కువ ఉంచుకోండి. 1000ఎస్‌లో ఫిల్మ్ బ్యాక్ మధ్యలో మార్చలేం, లోపలి ఇన్సర్ట్ ఒక్కటే మారుతుంది. కాబట్టి సగం రీలులో కలర్ నుంచి బ్లాక్ అండ్ వైట్‌కు పోదామంటే కుదరదు.

హాసెల్‌బ్లాడ్ గురించి అడగలేదు, మంచిదైంది. చంద్రుడి మీదికి వెళ్ళొచ్చిందన్న మాటకే సగం ధర పలుకుతుంది. 500 సీ/ఎం గొప్ప యంత్రమే. కానీ లెన్స్ మార్చేటప్పుడు బాడీ, లెన్స్ రెండూ వైండ్ అయి ఉండాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. మెకానిక్‌ దగ్గరికి వెళ్ళేదాకా అది అలంకార వస్తువే.

6×9లో ఫూజీ జీడబ్ల్యూ690 అరకు, లంబసింగి వైపు తీసుకెళ్ళడానికి భలే ఉంటుంది. దాన్ని అక్కడికే ఉంచండి. పాత మడత కెమెరాలు చవగ్గా కనిపిస్తాయి. కొనేముందు చీకటి గదిలో బెలోస్ లోపల టార్చ్ వేసి చూడండి, మూలల్లో నక్షత్రాలు మెరిస్తే వదిలేయండి.

ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి. లెక్క సులువుగా ఉండటానికి ఫిల్మ్, కడగడం, స్కానింగ్ కలిపి రీలుకు 1,600 రూపాయలు అనుకుందాం. 16 ఫోటోల 645లో ఒక్కోటి 100. 6×6లో 133. 6×7లో 160. 6×9లో 200. డబ్బు ఒక్కటే కాదు, మనిషి ముఖంలో ఏదో వెలుగుతున్న క్షణాన రీలు అయిపోవడం ఒకటుంది. పదో ఫోటో తర్వాత రీలు మార్చడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో నేస్తున్న ఆవిడ పని ఆపి, మంచినీళ్ళు తెచ్చిస్తానని లేచి వెళ్ళిపోతుంది. ఇది చాలాసార్లు జరిగింది.

ప్రింట్ ఎలా వేస్తారో రాయలేదు. డార్క్‌రూమ్‌లో అయితే ముందు ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) ఏ సైజు దాకా పడుతుందో చూసి తర్వాత కెమెరా కొనండి. పాత స్టూడియోల నుంచి వచ్చేవాటిలో డర్స్ట్ ఎం605, మియోప్టా ఒపెమస్ 6 లాంటివి 6×6తో ఆగిపోతాయి. 6×7 నెగటివ్ పట్టుకుని వాటి ముందు నిలబడితే ఏడుపొస్తుంది. ఎన్‌లార్జర్ లెన్స్ కూడా మారాలి. మీ 50 సరిపోదు, 645కు, 6×6కు 75 లేదా 80, 6×7కు 90 కావాలి. స్కాన్ చేసేట్టయితే ఇంట్లో పెట్టుకునే ఫ్లాట్‌బెడ్ స్కానర్ పెట్టె మీద 6400 డీపీఐ అని రాసి ఉన్నా నిజంగా అందేది చాలా తక్కువ. 2000 అనుకుని లెక్క వేసినా 645 నుంచి 14 మెగాపిక్సెళ్ళు, 6×7 నుంచి 24 వస్తాయి. 12×15ను చెయ్యి చాచినంత దూరం నుంచి చూడటానికి మొదటిదీ చాలు.

ఫిల్మ్ మీరే కడుగుతున్నారు కాబట్టి ఒక్క హెచ్చరిక. 120కి ప్యాటర్సన్ ట్యాంకులో 500 మిల్లీలీటర్ల మందు పోయాలి, 35 ఎంఎంకి పోసే 290 చాలదు. నేను మొదటిసారి అలవాటుగా 300 పోశాను. ఫిల్మ్ పైభాగమంతా తెల్లగా, అంటే ఖాళీగా వచ్చింది. ఎండాకాలం మన కుళాయి నీళ్ళు 30 డిగ్రీలు దాటతాయి. ఐసు ముక్కలు సంచిలో కట్టి, డెవలపర్ సీసాను ఆ తొట్టిలో పెట్టి 20కి దించండి. హెచ్‌పీ5 ఫిల్మ్‌ను 400 దగ్గర తీస్తే డీ-76 డెవలపర్‌ను నీళ్ళతో ఒకటికి ఒకటి కలిపి 11 నిమిషాలు. రీలు ఎక్కించేటప్పుడు వెడల్పాటి ఫిల్మ్ చేతికి ఒదగదు, మధ్యలో నొక్కుకుపోతే నెలవంక మచ్చలు పడతాయి. పాడైన రీలు ఒకటి దగ్గర పెట్టుకుని వెలుతురులో పదిసార్లు, కళ్ళు మూసుకుని పదిసార్లు ఎక్కించాకే అసలుది ముట్టుకోండి.

పాత కెమెరా కొనేటప్పుడు లెన్స్ వెనక నుంచి మొబైల్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. మన కోస్తా తేమకు బూజు సాలెగూడులా అల్లుకుని ఉంటుంది. అంచున చిన్నది ఉంటే బేరం ఆడొచ్చు, నడిమధ్య ఉంటే వద్దు. షట్టర్‌ను ఒక సెకను దగ్గర పెట్టి చెవి దగ్గర వినండి, మధ్యలో ఈడ్చిందంటే సర్వీసింగ్ ఖర్చు కలుపుకోండి. ఒకసారి నాకు కొరియర్‌లో వచ్చిన 645 వెనక తలుపు నురుగు పట్టీ బంకలా కరిగిపోయి ఉంది. అమ్మినాయన "మింట్" (కొత్తదానిలా ఉంది) అన్నాడు. మొదటి రీలు మొత్తం నారింజ రంగు చారలు.

ఆర్‌బీ అమ్మే ఆయన మీ ఊరివాడేనన్నారు. అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక్క పూటకు దాన్ని అడిగి, పది ఫోటోల రీలు వేసి మగ్గం గదికే తీసుకెళ్ళండి. తెల్లారి ఎండ నేరుగా లోపలికి పడే వేళ కాదు, మీరు మామూలుగా వెళ్ళే వేళకే. నేల మీద కూర్చుని చేత్తో పట్టుకునే తీయండి. కడిగాక నెగటివ్‌లను భూతద్దం కింద పెట్టి చేతివేళ్ళ దగ్గర చూడండి. పదింటిలో నాలుగు నిక్కచ్చిగా ఉంటే నేను చెప్పినదంతా పక్కన పెట్టి ఆ కెమెరానే కొనేయండి. ఎన్ని వచ్చాయో మాత్రం నాకు రాయండి.